తాతగారి విమానానికి ఎడమ మాగ్నెటో

శనివారం ఉదయం ఆరూ ఇరవైకి కుప్పం బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కాను. ఈ ప్రయాణం ఎందుకో మీకు ముందే చెప్పేస్తాను. దారిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మాది పాళెగాళ్ల వంశం. హోసూరు చుట్టుపక్కల ఒకప్పుడు పదకొండు ఊళ్లు మావి. ఇప్పుడు నేను కుప్పంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను; ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం. మా తాతగారు రెండు సీట్ల విమానం ఒకటి కొన్నారు. హోసూరు అవతల మా జొన్నచేను పక్కన షెడ్డు కట్టించి అందులో పెట్టారు. తరవాత చేను పోయింది, షెడ్డు పోయింది, విమానం మాత్రం ఆ షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పటి యజమాని అక్కడ లేతు మిషన్లు నడుపుతున్నాడు. ఆయన పనివాళ్లు విమానం రెక్క మీద టిఫిన్ క్యారియర్లు పెట్టుకుంటారు.

బుధవారం ఆయన ఫోన్ చేశాడు. "సార్, ఆదివారం దాన్ని కటింగు చేసేదానికి మనుషులు వస్తాండారు. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దండి. అది ఎప్పుడన్నా తిరిగిందా? ఊళ్లో ఎవరినడిగినా లేదనే అంటారు. మీ తాత ఊరికే కొని పెట్టుకున్నాడంట."

తిరిగింది అన్నాను.

"అయితే ఒక్కసారి ఇంజన్ తిప్పి చూపించండి సార్. తిరిగితే షెడ్డు ముందర రేకులు వేసి నిలబెడతా, స్కూలు పిల్లలు చూస్తారు. తిరగలేదంటే ఆదివారం మధ్యాహ్నం కటింగే."

ఆదివారం పదకొండు గంటలకు తిప్పి చూపిస్తానని మాట ఇచ్చేశాను. ఆ తరవాతే అది తిరుగుతుందా అని కనుక్కోవడానికి హోసూరులో దొరస్వామికి ఫోన్ చేశాను. విమానాల మెకానిక్కుగా పని చేసి రిటైరైన మనిషి. ఆయన గురువారమంతా ఇంజన్ ముందు కూర్చుని, అంతా బాగానే ఉంది, మాగ్నెటోలు రెండూ పోయాయి అన్నాడు. మాగ్నెటో అంటే ప్లగ్గుకు నిప్పురవ్వ పంపే డబ్బా. దానికి బ్యాటరీ అక్కరలేదు, ఇరుసు తిప్పితే చాలు. కుడివైపుది లేకపోయినా ఇంజన్ నడుస్తుంది. పంకాను చేత్తో తిప్పి స్టార్టు చేయాలంటే మాత్రం ఎడమవైపుది ఉండి తీరాలి. మెల్లగా తిప్పినా లోపలి స్ప్రింగు 'టక్' మని కొట్టి గట్టి రవ్వ ఇచ్చేది అదొక్కటే.

"కొత్తది యాడా దొరకదు దొరా. బయటి దేశం నించి తెప్పించాలంటే ఆరు నెలలు. ఇట్లాంటి విమానమే ఇంకొకటి, మూతపడిన క్లబ్బుది, కృష్ణగిరిలో పంపుసెట్ల శెట్టి ఒకాయన పాత సామానుగా కొన్నాడు. పోయి అడగండి" అన్నాడు.

అడగడమే చిక్కు. మా ఇంట్లో ఇవ్వడం నేర్పారు. అడగడం ఎవరూ నేర్పలేదు.

బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ ఒళ్లో చిక్కుడుకాయల సంచీతో కూర్చుంది. యాడికప్పా అంది. కృష్ణగిరికి అన్నాను. ఏం పనిమీద అంది. చూసి రావడానికి అన్నాను.

"కృష్ణగిరిలో చూసేదానికి ఏముంది? ఆస్పత్రికా?"

"కాదమ్మా."

"అయితే కోర్టుకు" అని తేల్చేసి, దిగేదాకా నా వైపు జాలిగా చూస్తూ కూర్చుంది.

ఎనిమిదీ ఐదుకు కృష్ణగిరిలో దిగాను. బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ బాగుంది, సాంబారు వేడిగా ఉంది, ఆ దారిన వెళ్లేవాళ్లు నిశ్చింతగా తినవచ్చు. తొమ్మిదికి పాతపేటలో శెట్టిగారి అంగడి తెరిచారు. పంపుసెట్లు, పైపులు, బెల్టులు, మధ్యలో శెట్టిగారు. ఏం కావాలప్పా అని ఆయన అడిగితే 'ఊరికే చూస్తున్నాను' అన్నాను. పంపుసెట్ల అంగట్లో ఎవరూ ఊరికే చూడరని నాకు అప్పుడు తోచలేదు. ఇరవై నిమిషాలు చూశాను. ఆయన బెల్టులు చూపించాడు, చూశాను. పైపులు చూపించాడు, చూశాను. ఏమీ కొనకుండా వెళితే మర్యాదగా ఉండదని చివరికి బావి పైపు అడుగున బిగించే ఫుట్‌వాల్వు ఒకటి కొన్నాను. నాకు బావి లేదు. అది రెండు కిలోల బరువుంది.

అది కొన్నందుకే మంచి జరిగింది. కొన్నవాళ్లకు శెట్టిగారు కాఫీ తెప్పిస్తారు, కాఫీతోపాటు ఆయన కథ కూడా వస్తుంది. "ఈ అంగట్లో విమానం కూడా అమ్మినాము తెలుసునా అప్పా?" అన్నాడు.

అలాగా అన్నాను, నాకు సంబంధం లేనట్టు.

"పూర్తిగా ఒక విమానం. నాలుగు నెలల్లో ఖాళీ. చక్రాలు కావేరిపట్టణంలో ఒకాయన మామిడికాయల బండికి వేసుకున్నాడు. సీటు సెలూన్లో ఉండాది, కూర్చుంటే గడ్డం గీసుకునేదానికి ఎంత సుఖమో. పంకా కల్యాణమండపం వాళ్లు గోడకు తగిలించినారు. రవ్వ కొట్టే డబ్బాలు రెండుంటే ఒకటి నా చేతిలోనే విరిగిపోయింది. టక్కు టక్కుమనేది ఇంకొకటి ఉన్నింది, దాన్ని డెంకణికోట పక్క పల్లెలో రైతు, మునిరెడ్డప్ప అని, పట్టుకపోయినాడు."

"రైతుకు అదెందుకు?" అన్నాను. నా జీవితంలో అంతకన్నా దగ్గరగా ఎవరినీ ఏదీ అడిగి ఉండను.

"ఏనుగులకు" అన్నాడు శెట్టిగారు, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

పదింటికి రాయకోట బస్సు దొరికింది. రాయకోటలో ముప్పావుగంట కాచుకుని ఇంకో బస్సు మారాలి. డెంకణికోట చేరేటప్పటికి ఒంటిగంట దాటింది. అక్కడినుంచి ఆ పల్లెకు అడవి అంచున ఎనిమిది కిలోమీటర్లు, షేర్ ఆటో నిండితే తప్ప కదలదు. మూడుంబావుకు మునిరెడ్డప్ప వాకిట్లో నిలబడ్డాను.

పరువుగల ఇల్లు, నాలుగు తరాలుగా అదే నేల దున్నుతున్న మనుషులు. చాప పరిచారు. ఒట్టి చేతులతో వచ్చానని అనుకోకూడదని ఫుట్‌వాల్వు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, కళ్లకద్దుకుని లోపల పెట్టాడు. మునిరెడ్డప్ప తల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అంటారు. ఆమె నా ఊరూ పేరూ అడిగింది. వంశం చెప్పాను. ఆ పేరు ఆమె విన్నదే. వెంటనే లేచి, కొంగు సర్దుకుని మళ్లీ కూర్చుంది.

వాన మాటలయ్యాయి, రాగి పైరు మాటలయ్యాయి. ముద్ద తినమన్నారు, వద్దన్నాను. మజ్జిగ తెచ్చారు, మంచినీళ్లు చాలన్నాను. ఆకలి దంచేస్తోంది, అయినా పని మీద వచ్చినచోట తినడం మా అలవాటు కాదు. మాట్లాడుతున్నంతసేపూ గదిమూలనే చూస్తున్నాను. అక్కడ ఒక పొడుగాటి ఇనుప గొట్టం, దాని మొదట్లో బిగించిన నల్లటి డబ్బా, డబ్బాకు చేతిపిడి. డబ్బా మీద మూడు కుంకుమ బొట్లు. ఎడమ మాగ్నెటో.

"ఎంతమంది బిడ్లు?" అంది అవ్వ.

"అబ్బాయి ఒక్కడే. బెంగుళూరులో ఉద్యోగం."

అవ్వ మునిరెడ్డప్పను చూసింది. ఆయన బయటికి పోయి ఫోన్లో ఎవరినో పిలిచాడు. పావుగంటలో ఉతికిన పంచెలు కట్టుకుని ముగ్గురు పెద్దమనుషులు వచ్చి నా ఎదురుగా వరసగా కూర్చున్నారు. మా వైపు పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు వచ్చిన పని తమ నోటితో ముందు చెప్పరు. మాట కుదిరేదాకా ఆ ఇంట్లో మెతుకు ముట్టరు. ఈ రెండూ నాకు బాగా తెలుసు. నేను ఆ రెండూ చేస్తున్నానని మాత్రం తట్టలేదు.

నాలుగున్నరకు కంపెనీ బస్సు దిగి మునిరెడ్డప్ప కూతురు శైలజ వచ్చింది. మూకండపల్లిలో ఏదో ఫ్యాక్టరీలో పని, మెడలో ఐడీ కార్డు. అవ్వ ఆ పిల్లను లోపలికి లాక్కుపోయి, నెత్తిన పూలు పెట్టి, కాఫీ పళ్లెం చేతికిచ్చి పంపింది. అప్పుడు అర్థమైంది నాకు. లేచి పోదామంటే కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి.

శైలజ కాఫీ నా ముందు పెట్టి, ఒక్క క్షణం నిలబడి చూసింది. "నాయనా, ఈయన సంబంధానికి రాలేదు" అంది.

"నువ్వూరుకో" అన్నాడు మునిరెడ్డప్ప.

"నన్ను ఒకసారి కూడా చూడలేదు నాయనా. వచ్చినప్పటి నించీ ఏనుగుల గన్నునే చూస్తాండాడు."

అందరూ గదిమూలకు తిరిగారు. నేను తాతగారి గురించి మొదలుపెట్టాను, పదకొండు ఊళ్ల మీదుగా జొన్నచేను దాకా వచ్చాను. అక్కడ ఆ పిల్ల ఆపింది. "పెద్దాయనా, ఏం కావాలో ఒక్క మాట చెప్పండి. కాఫీ సల్లగా అయిపోతాంది."

"ఆ డబ్బా ఇప్పించండి" అన్నాను. "రేపు పదకొండింటికి దాన్ని పెట్టి తిప్పకపోతే మా తాతగారి విమానాన్ని కోసేస్తారు. ఎన్నడూ తిరగని విమానం కొన్నాడని ఆయన పేరు నిలిచిపోతుంది." జీవితంలో మొదటిసారి అడిగేశాను. అయినా ఇల్లు కూలలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన ఆవులించాడు.

మునిరెడ్డప్పే ఇరకాటంలో పడ్డాడు. "ఇచ్చేస్తే ఏనుగులకు నేనేం చెప్పాల అప్పా?" అన్నాడు. గొట్టంలో కార్బైడు వేసి నీళ్లు పోస్తే గ్యాసు పుడుతుంది, పిడి తిప్పితే రవ్వ పడి ఫిరంగిలా పేలుతుంది. మొదట్లో రోజూ పేల్చేవాడట. "ఇప్పుడు కార్బైడే అక్కర్లేదు. పేలేముందు 'టక్' అంటుంది కదా, అది వాటికి గుర్తుండిపోయింది. ఊరికే పిడి తిప్పినా చాలు, టక్ అనంగానే ఎనక్కి తిరుగుతాయి."

"గ్యాస్ లైటరుతో వెలిగించుకోవచ్చని నేను చెప్తానే ఉండా" అంది శైలజ.

"లైటరుకు ఏ ఏనుగు భయపడుతుందే?" అన్నాడు ఆయన. తరవాత నాతో, "ఆయుధ పూజకు పూజలో పెట్టే వస్తువు, అమ్మేది లేదు. అరువిస్తా. దాన్ని ఒంటిగా పంపను, నేనూ వస్తా. పొద్దుగూకేలోగా మేమిద్దరం ఈడ ఉండాల" అన్నాడు.

ఆ మాట అయ్యాక ముద్ద తిన్నాను. రెండోది అడిగి వేయించుకున్నాను. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను.

ఆదివారం ఏడింటి బస్సు. మునిరెడ్డప్ప మాగ్నెటోను కొత్త తువాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కండక్టరు దాని బరువు చూసి లగేజీ టికెట్టు తీయమన్నాడు. మునిరెడ్డప్ప తువాలు తొలగించి కుంకుమ బొట్లు చూపించాడు. కండక్టరు చెప్పులు విప్పబోయి, మానుకుని ముందుకు వెళ్లిపోయాడు.

ఎనిమిదిన్నరకు హోసూరు. షెడ్డులో దొరస్వామి తయారుగా ఉన్నాడు. డబ్బాను చేతిలోకి తీసుకుని ఇరుసు తిప్పాడు. టక్. ఆయన ముఖం వెలిగింది. గుడ్డతో బొట్లు తుడవబోతే మునిరెడ్డప్ప చెయ్యి పట్టుకున్నాడు. బొట్లు ఉండగానే బిగించారు. కటింగు మనుషులు కూడా వచ్చి, గ్యాసు సిలిండర్ల మీద కూర్చుని చూస్తున్నారు. షెడ్డు యజమాని తెల్లచొక్కా వేసుకుని, పని చెడినవాడిలా గడియారం చూసుకుంటూ విమానం పక్కనే నిలబడ్డాడు.

పదకొండుకు దొరస్వామి పంకా పట్టుకుని తిప్పాడు. టక్, అంతే. రెండోసారి టక్, కొంచెం పొగ. కటింగు మనిషి ఒకడు లేచి కళ్లద్దాలు తగిలించుకున్నాడు. మూడోసారి ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి, ఊపిరి తీసుకుని, షెడ్డు రేకులన్నీ అదిరేలా అందుకుంది. రెక్క మీది టిఫిన్ క్యారియర్లు ఒకదాని వెనక ఒకటి కిందపడ్డాయి. ఇన్నేళ్ల దుమ్మూ, మునిరెడ్డప్ప ఇంటి కుంకుమా కలిసి లేచి యజమాని తెల్లచొక్కా మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు. నోరు తెరిచి చూస్తున్నాడు.

నాలుగు నిమిషాలు తిరిగింది. దొరస్వామి పోసిన పెట్రోలు అంతే.

"రేకులకు కొలతలు తీసుకోండ్రా" అన్నాడు యజమాని, ఎవరి వైపూ చూడకుండా. తరవాత నా దగ్గరికి వచ్చి, "తాతగారు గొప్పోరు సార్" అన్నాడు. అప్పుడు మాత్రం 'తాతగారు' అన్నాడు.

డబ్బా విప్పించుకుని ఇద్దరం హోసూరు బస్టాండుకు నడిచాం. అది ఇంకా వెచ్చగా ఉంది. మునిరెడ్డప్ప దాన్ని మళ్లీ తువాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. డెంకణికోట బస్సు వచ్చాక, "ఇంత గొంతున్న దాన్ని పెట్టుకుని నేను టక్కు టక్కు అనిపిస్తాండా అప్పా" అన్నాడు. "మీరే పెట్టుకోండి. ఏనుగులకు వేరే ఏదన్నా చూసుకుంటా."

చేతులు చాచబోయాను. అబద్ధమాడటం ఎందుకు, నిజంగానే చాచబోయాను. కానీ మా విమానం ఇక రేకుల కింద నిలబడి ఉండేదే. ఈ డబ్బాకు ఆ పల్లెలో ప్రతి సాయంత్రం పనుంది. "పొద్దుగూకేలోగా చేర్చాలి, బస్సెక్కండి" అన్నాను.

మధ్యాహ్నం రెండింటికి కృష్ణగిరి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. శూలగిరి దాటాక పక్కసీటాయన మాట కలిపాడు, హోసూరు మార్కెట్లో పూల వ్యాపారమట.

"పొద్దున మా ఊళ్లో విశేషం తెలుసునా అప్పా? యాభయ్యేండ్ల పాత విమానం. లేచి ఎగిరిందంట. ఊరి మీద రెండు రౌండ్లు కొట్టి దిగిందంట. మా బామ్మర్ది కండ్లారా చూసినాడు."

మా వంశం గురించి అబద్ధం నా ఎదుట నిలవనివ్వను, అది మెప్పైనా సరే. "ఎగరలేదండీ. నేలమీదే నాలుగు నిమిషాలు ఇంజన్ తిరిగింది" అన్నాను.

"మీరు చూసినారా?"

"చూశాను. దాని పక్కనే నిలబడ్డాను."

ఆయన నా కళ్లద్దాల వైపు కాసేపు చూశాడు. "వయసైపోయింది కదా, సరిగ్గా కనపడి ఉండదులే" అని ఓదార్పుగా నా మోకాలు తట్టి, వెనక సీటువాళ్లకు రెండు రౌండ్లూ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకొక్కసారి సరిదిద్దుదామని వెనక్కి తిరిగాను. అప్పటికే ఆ విమానం బస్సులో సగంమంది తలల మీదుగా ఎగురుతోంది. నేను ముందుకు తిరిగి కూర్చున్నాను.