వదిన తీసిన గుప్పెడు

మా వదిన ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది ఆమె కూతురే. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల, ఏడుపు ఆపుకుంటూ వచ్చీరాని తెలుగులో చెప్పింది. సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్ళకు మళ్ళీ ఫోను చేసి, "అత్తా, అమ్మ కిచెన్ క్లీన్ చేస్తున్నా. పాత కాఫీ డబ్బాల్లో కొంచెం రైస్, కొంచెం పప్పు, ఏంటో అన్నీ ఉన్నాయి. ఎక్స్‌పైర్ అయ్యాయేమో, పడేయాలా?" అని అడిగింది. ఇక్కడ టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని నా వంటింట్లో, నిండుగా ఉన్న సీసాల వరస ముందు నిలబడి, "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను.

మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం నాడు అది చర్చికి, అక్కడినుంచి లేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళేది. బడి గడప తొక్కకుండా, అమ్మ పక్కన కూర్చుని బైబిలు మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. భక్తి అంటే నాకు ముందుగా తెలిసింది ఆ గుప్పెడే.

పెళ్ళయి న్యూజెర్సీలో, ఐసెలిన్ ఊళ్ళో అపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి, వంటిల్లు సిద్ధం చేసి ఉంచానని మా వారు గొప్పగా అల్మరా తెరిచి చూపించారు. అందులో మూరెడు పొడుగు బ్రెడ్డు, కెచప్పు, పులుసుకి పనికొస్తుందని ప్లాస్టిక్ సీసాలో నిమ్మరసం, చిటికెలో ఉడుకుతుందనే అట్టపెట్టె బియ్యం ఉన్నాయి. ఉప్పు మాత్రం మరిచిపోయారు. ఆయన అక్క, అదే మా వదిన, ఆ సాయంత్రమే వచ్చి అల్మరాలోకి తొంగిచూసి, "ఒరేయ్ తమ్ముడూ, పెళ్ళాన్ని తెచ్చుకున్నావా, పేషెంటునా?" అంది. వచ్చిన ఏడుపు కాస్తా నవ్వయిపోయింది నాకు.

ఆమె కార్లోంచి కాఫీ డబ్బాలు తెచ్చి, ముందు ఉప్పు పెట్టి, చిన్న ప్రార్థన చేసి, ఆ తర్వాతే బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు సర్దింది. ఓక్ ట్రీ రోడ్డు మీద మనవాళ్ళ కొట్లలో ఇవన్నీ దొరికేవే కదా, ఇంత శ్రమ ఎందుకు వదినా అంటే, "కొన్నది ఎవరైనా ఇస్తారమ్మాయ్, ఇది మా పొయ్యి మీదకి వెళ్ళకుండా పక్కకు తీసింది" అంది. వండిన ప్రతిసారీ బియ్యంతోపాటు పప్పూ మిరపకాయా కూడా అలా తీసిపెట్టేదట. ఊళ్ళోకి ఏ కొత్త సంసారం దిగినా మొదటి వంట ఆ డబ్బాల్లోంచే. ఆ పూట వెల్లుల్లి పోపు వాసనకు ఆ పరాయి గది నా ఇల్లయింది. దేవునికి స్తోత్రం, ఈ దేశంలో నేను మొదట కృతజ్ఞత చెప్పింది ఆ పప్పన్నం కంచం ముందే.

చాలా ఏళ్ళకు, మేము టెక్సాస్ వచ్చేశాక, న్యూజెర్సీలో మా పాత తెలుగు క్రైస్తవ సంఘానికి కొత్త మందిరం కట్టారని ప్రతిష్ఠకు వెళ్ళాను. కొత్తగా దిగినవాళ్ళకు సరుకులిచ్చేందుకు ఒక గది, గదినిండా అరలు. వదిన సంబరంగా తన డబ్బాలు పట్టుకెళ్ళింది. గది చూసుకునే ఆవిడ గుమ్మంలోనే ఆపి, "ఆంటీ, ఓపెన్ ఫుడ్ అలౌ చేయట్లేదు. సీల్డ్ ప్యాకెట్లు తెండి, లేదా గిఫ్ట్ కార్డ్ ఇచ్చేయండి, ఈజీ. రేపు ఎవరికైనా ఎలర్జీ వస్తే?" అంది. ఆవిడే కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మొదటి వంట ఈ డబ్బాల్లోంచే చేసుకుందని నాకు తెలుసు.

"నీకు రాలేదుగా తల్లీ" అంది వదిన.

చుట్టూ ఉన్నవాళ్ళు జోకనుకుని నవ్వారు. మేమిద్దరం డబ్బాలు మోసుకుని పార్కింగ్‌లోకి వచ్చేశాం. ఆ తర్వాత వదిన మళ్ళీ ఆ గది వైపు వెళ్ళలేదట. రూలు రూలేనని నాకూ తెలుసు. క్షమించానని ప్రార్థనలో చెబుతూనే ఉంటాను. లేచేసరికి నోట్లో ఆ చేదు అలాగే ఉంటుంది.

అయినా, ఆ డబ్బాల్లో ఇంకా సరుకు ఉందంటే, ఆమె తియ్యడం మానలేదన్నమాట. ఎవరూ పుచ్చుకోరని తెలిసీ, ఒంటి మనిషి తన ఒక్క పూట వంటలోంచి గుప్పెడు తీస్తూనే ఉంది. "పడేయకమ్మా, నాకు పంపించు" అన్నాను ఫోనులో మేనకోడలితో.

పార్సిల్ వచ్చింది. ఆత్రంగా మూతలు తీశాను. తళతళలాడుతున్నాయి, సబ్బు వాసన. పురుగులుంటాయని లోపలివన్నీ పారబోసి, డబ్బాలు డిష్‌వాషర్‌లో వేసి మరీ పంపింది పిల్ల, పాపం, నాకు శ్రమ లేకుండా.

ఇప్పుడు ఎవరి వంటిల్లూ ఖాళీగా ఉండదు. ఫోను నొక్కితే గుమ్మంలో సరుకులు దిగుతాయి. నిండిన అల్మరాలకు కొదవలేదు గాని, వాటిని తెరిచి చూసి వేళాకోళమాడే మనిషి లేదు. నేనూ రోజూ గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేస్తున్నాను. ఎవరికివ్వాలో ఇంకా తెలియదు.

ఈ దేశంలో ఏ ఊళ్ళో ఉన్నా, మరెక్కడున్నా, మీ అల్మరాలో మొదటి ఉప్పు పెట్టిన చెయ్యి మీకూ ఒకటి ఉండే ఉంటుంది. రేపు బియ్యం కొలిచేటప్పుడు ఒక్క క్షణం ఆగి, మా వదినను తలుచుకోండి.