రెబెక్కా పాటలున్న పెట్టె

నిడదవోలు లూథరన్ చర్చి గేటు దగ్గర విజయ్ పాల్ గారు నిలబడి ఉంటే, జనం వెనక గుమ్మంలోంచి జారుకున్న ఆదివారాలు ఉన్నాయి. మనిషి మంచివాడే. జూనియర్ కాలేజీలో గుమాస్తా, ఒకరి జోలికి పోడు. కానీ ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటున్న వాళ్లను పట్టుకుని, తన ఇంట్లో కంప్యూటర్ పెట్టెకి వోల్టేజి ఎంత తగ్గించాడో, తగ్గించి కూడా స్పీడు ఎంత పెంచాడో చెప్పడం మొదలుపెడితే ఎవరు మాత్రం ఎంతసేపు వింటారు? ఆకలి వేళ. ఇంటి దగ్గర కోడికూర పొయ్యి మీద ఉంటుంది.

నవ్వుకునేవాళ్లకి కూడా ఆ పెట్టెలో ఏముందో తెలుసు. అందులో ఆయన భార్య రెబెక్కా గొంతు ఉంది.

రెబెక్కా ఒకటో తరగతి పిల్లలకి టీచరు. పెళ్లికి ముందు నుంచీ క్వయర్‌లో పాడేది. గుడ్ ఫ్రైడే నాడు ఆవిడ గొంతెత్తితే, వెనక బెంచీల్లో పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే పెద్దమ్మలు కూడా నోరు మూసుకునేవాళ్లు. పెళ్లయిన కొత్తలో విజయ్ పాల్ ఒక టేప్ రికార్డర్ కొన్నాడు. దాన్ని పాస్టరు గారు ప్రసంగం చేసే పుల్పిట్ కింద పెట్టి ఆవిడ పాడిన ప్రతి పాటా ఎక్కించాడు. ఏళ్లు గడిచేసరికి ట్రంకు పెట్టె నిండా క్యాసెట్లు చేరాయి.

మొన్న మొన్నటిదాకా అలా పాడిన మనిషికి గొంతులో పుండు లేచింది. రాజమండ్రిలో చూపించారు, విశాఖలో చూపించారు. స్వరపేటిక మొత్తం తీసేస్తే గాని ప్రాణం దక్కదన్నారు. డాక్టరు ఆ మాట చెబుతుంటే విజయ్ పాల్ బల్ల మీదున్న గాజు పేపర్ వెయిట్ వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంకెక్కడికి తీసుకెళ్లాలో తెలియలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టాడు. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే, స్ట్రెచర్ మీద నుంచి రెబెక్కా బొంగురు గొంతుతో ఆఖరిగా అన్న మాట ఒక్కటే.

"క్యాసెట్లు జాగ్రత్తండి."

ఆ తర్వాత ఆవిడకి మాట లేదు. మెడ దగ్గర చిన్న రంధ్రం, అందులోంచే ఊపిరి. కరెంటు పెట్టి లాగిపారేసే మెషిన్ ఉంటుంది, కఫం అడ్డుపడితే దాంతో తీయాలి. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే పలక మీద రాస్తుంది. ఫోన్లో టైపు చేయొచ్చు కదా అంటే వినదు, టీచరు చేతికి పలకే బాగుంటుందట.

విజయ్ పాల్ ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తెరిచాడు. గోదావరి గాలికి సగం క్యాసెట్లు తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. ఇక ఆలస్యం చేయలేదు. స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ల కొట్టు నడిపే శ్యాంబాబు దగ్గరికి వెళ్లి, తన జీతానికి తగ్గ చవక ప్రాసెసర్‌తో ఒక పెట్టె కట్టించుకున్నాడు. పాటలన్నీ అందులోకి ఎక్కించి, ఇంట్లో ఏ ఫోన్ నుంచైనా వినేలా అమర్చుకున్నాడు. అవే పాటలు ఇంకో హార్డ్ డిస్కులో కూడా దాచాడు. నెలకోసారి, రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభువు బల్ల ఆదివారం, చర్చి నుంచి రాగానే పెట్టెలో ఉన్నదంతా ఆ రెండో డిస్కులోకి ఎక్కించడం వ్రతంలా పెట్టుకున్నాడు. ఇక క్యాసెట్లతో ఏం పనని, బూజువీ బాగున్నవీ కలిపి మొత్తం పాత సామాన్లవాడికి వేసేశాడు.

వోల్టేజి పిచ్చి ఎందుకు పట్టిందంటే, దానికీ కారణం ఆవిడే. వేసవిలో కరెంటు పోతే ఇంట్లో దిక్కు ఒక్క ఇన్వర్టరు. రెబెక్కా మెషినూ దాని మీదే నడవాలి, పాటల పెట్టే దాని మీదే నడవాలి. పెట్టె తక్కువ తాగితే మెషిన్‌కి ఎక్కువ మిగులుతుంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది. కానీ యూట్యూబులో నాలుగు వీడియోలు చూసేసరికి ఆయనకి ఆశ పెరిగింది. వోల్టేజి తగ్గిస్తూనే స్పీడు కూడా పెంచవచ్చట. గడ్డి తగ్గించి అదే ఎద్దు చేత ఇంకో అరెకరం దున్నించుకోవడం అన్నమాట.

క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టాడు. స్పీడు కాస్త పెంచడం, వోల్టేజి కాస్త తగ్గించడం, రోజంతా టెస్టు పెట్టి చూడడం. ఆగిపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లడం. చివరికి పొద్దస్తమానం టెస్టు నడిచినా ఆగని చోటు దొరికింది. ఫ్యాను చప్పుడు కూడా లేదు. పెట్టె మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఆ రోజు విజయ్ పాల్ ఆనందం చూడాలి. డాక్టర్ల ముందు, జబ్బు ముందు, దేవుడి ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషికి, తన మాట వినే వస్తువు ఒకటి దొరికింది. ఊరంతా చెప్పుకున్నాడంటే చెప్పుకోడా మరి.

మధ్యాహ్నాలు రెబెక్కా కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, లేసు అల్లుకుంటూ తన పాటలు తనే వినేది. పాటతోపాటు పెదాలు కదిలేవి. వంటింట్లోంచి ఆయన ఆ పెదాలు చూసేవాడు. ఆ ఇంట్లో మిగిలిన సుఖం అదొక్కటే, దాని జోలికి పోకుండా ఉండాల్సింది.

కానీ పాటల వెనక పాత టేపుల సుయ్‌మనే చప్పుడు ఉండేది. అది ఆయన చెవికి మేకులా గుచ్చుకునేది. వేసవి సెలవులకి కాలేజీ మూయగానే, ఆ చప్పుడు తీసేసే ప్రోగ్రామ్ ఒకటి పెట్టెలో ఎక్కించాడు. ఓ ఉదయం చల్లగా ఉండగా రెండు పాటలు శుభ్రం చేసి విన్నాడు. నిన్న పాడినట్టున్నాయి. ఇంకేం, మిగతావన్నీ దానికి అప్పజెప్పాడు. పగలల్లా పెట్టె ఒక్కో పాటా శుభ్రం చేసి, పాతదాన్ని తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టుకుంటూ పోయింది. బయట రోళ్లు పగిలే ఎండ. పని పూర్తయిందని తెర మీద రాసింది గాని, ఎక్కడా తప్పు జరిగిందని చెప్పలేదు.

ఆ రోజుల్లోనే రెబెక్కా చేతిలో లేసు సూది మధ్యమధ్య ఆగడం ఆయన చూశాడు. పాట నడుస్తుంటే సూది ఠక్కున ఆగేది, ఆవిడ తల కాస్త పక్కకి వంచేది, మళ్లీ అల్లేది. కుట్లు లెక్కపెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాడు. ఒకసారి మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, పాటలు ఇప్పుడెలా ఉన్నాయని అడిగాడు. ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, పలక అందుకుని, బాగున్నాయని రాసింది. తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల. విజయ్ పాల్ సంస్కారం తీసుకుని, ఇంటికొచ్చి, పెట్టెలో ఉన్నదంతా రెండో డిస్కులోకి ఎక్కించి పాతవి తుడిచేశాడు.

జూన్‌లో స్త్రీల సమాజం వార్షికోత్సవం వచ్చింది. రెబెక్కమ్మ పాట ఒకటి వేయిద్దామని పాస్టరమ్మ గారు అడిగారు. విజయ్ పాల్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాట తనే తీసుకెళ్లి మైకు వాళ్లకిచ్చి, ముందు బెంచీలో భార్య పక్కన కూర్చున్నాడు. పాట మొదలైంది. ఏళ్ల కిందటి ఆ గొంతు చర్చి అంతా నిండింది. పాస్టరమ్మ గారు కళ్లొత్తుకున్నారు. పాట పైస్థాయికి వెళ్తుండగా టక్‌మంది. ఒక మాట మాయమైంది. మళ్లీ గొంతు వచ్చింది, మళ్లీ టక్‌మని ఇంకో ముక్క పోయింది. అందరూ తలలెత్తి స్పీకర్ల వంక చూశారు.

రెబెక్కా స్పీకర్ల వంక చూడలేదు. వెనక్కి తిరిగి జనం ముఖాలు చూసింది. ఒక్కొక్కరినీ వెతికి వెతికి చూసింది. ఆవిడకి తలకొట్టేసినట్టయిందనుకుని విజయ్ పాల్ అక్కడే సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికొచ్చి పాటలన్నీ ఒక్కొక్కటే విన్నాడు. ఉదయం శుభ్రం చేసిన ఆ రెండూ తప్ప, చిల్లు పడని పాట లేదు. రెండో డిస్కు పెట్టి చూశాడు, అక్కడా అవే చిల్లులు. శ్యాంబాబుకి ఫోన్ చేస్తే కొట్టు కట్టేసి వచ్చాడు. పెట్టె ముందు కూర్చుని అంతా చూసి, టెస్టు ఎప్పుడు పెట్టారని అడిగాడు. విజయ్ పాల్ క్రిస్మస్ సెలవుల సంగతి చెప్పాడు.

"డిసెంబరు చలికి చాలిన వోల్టేజి మే నెల ఎండకి చాలదండి పాల్ గారూ," అన్నాడు శ్యాంబాబు మెల్లిగా. "ఆగిపోయినా బాగుండేదండి. ఆగకుండా తప్పు లెక్కలు కట్టుకుంటూ పోయింది."

ఏదన్నా దారి ఉందా అని విజయ్ పాల్ అడిగాడు. తుడిచేసిన పాతవాటిని వెనక్కి రప్పించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని శ్యాంబాబు ఆ రోజూ, మర్నాడూ అవన్నీ పెట్టి చూశాడు. దేనికీ దొరకలేదు, వాటి మీద కొత్తవి ఎక్కేశాయి. వోల్టేజి, స్పీడు మామూలుకి తెచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పెట్టె ఇప్పుడు గుర్రుమంటూ నిక్షేపంగా నడుస్తోంది. చిల్లులు పడిన పాటలని ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తోంది.

రెబెక్కాకి చెప్పక తప్పదు. కిటికీ దగ్గర ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. తలెత్తకుండా అంతా చెప్పాడు, వోల్టేజి, ఎండ, పాత సామాన్లవాడు, అంతా. నువ్వు దాచమన్నది ఒక్కటే, అదీ నా చేతులతో పాడుచేశానన్నాడు. ఆవిడ పలక ఎత్తి కొడితే బాగుండుననిపించింది.

రెబెక్కా పలక మీద రాసి ఆయన ముఖం ముందు పెట్టింది.

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయా?"

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ తుడిచి మళ్లీ రాసింది. ఆపరేషన్ తర్వాత గొంతుకి పెట్టిన కరెంటు, అదే రేడియేషన్ వల్ల ఒక్కోసారి చెవులు కూడా పోతాయని విశాఖలో నర్సు చెప్పిందట. పాటల మధ్యలో ముక్కలు వినపడకపోయేసరికి, గొంతు అయింది ఇక చెవుల వంతు అనుకుందట. చెబితే మళ్లీ ఆస్పత్రులంటూ తిరగాలి, ఈయన తట్టుకోలేడని నెల పైగా లోపల్లోపలే భయపడి చస్తోందట. చర్చిలో అందరూ తలెత్తినప్పుడు అనుమానం వచ్చిందట, కానీ నమ్మడానికి ధైర్యం చాలలేదట.

లేసు సూది ఎందుకు ఆగేదో విజయ్ పాల్‌కి అప్పుడు తెలిసింది. ఆ ప్రభువు బల్ల ఆదివారానికి ముందు ఆవిడ ఒక్క ముక్క రాసి ఉంటే రెండో డిస్కులో పాటలు దక్కేవి. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఈ జన్మకి చెప్పకూడదనుకుని మింగేశాడు.

"నీ చెవులు లక్షణంగా ఉన్నాయి రెబెక్కా," అన్నాడు.

రెబెక్కా నవ్వింది. చప్పుడు లేని నవ్వు. కళ్ల నిండా నీళ్లతో, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నవ్వు ఆగాక పాట పెట్టమని సైగ చేసింది. ఆయన వద్దన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

పాట మొదలైంది. మొదటి చిల్లు రాగానే రెబెక్కా వేలెత్తి ఆయన వంక చూసింది, ఇక్కడే కదా అన్నట్టు. ఆయన తలూపాడు. రెండో చోట మళ్లీ వేలెత్తింది. సరిగ్గా పట్టుకున్నందుకు ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఆయన ప్రతిసారీ అవునని తలూపుతూ పాట అయ్యేదాకా కూర్చున్నాడు. పాట అయిపోయాక ఆవిడ ఇంకొకటి పెట్టమంది.