ఆయన ‘నేను’ నా నోట్లో

మా నాన్న యానాంలో ఫ్రెంచి మాస్టారు. పాండిచ్చేరి నుంచి ఎవరు వస్తున్నా ఆయన తెమ్మని అడిగేది ఫ్రెంచి సినిమా క్యాసెట్లే. వాటిలో ఎక్కువ భాగం ఒకే నటుడివి. ఆ నటుడు ఓడరేవు ఊళ్ళో చేపలమ్ముకునేవాళ్ళ ఇంట పుట్టాడు. కుర్రతనంలోనే పారిస్ చేరి, వీధి నాటకాల్లోంచి సినిమాల్లోకి వచ్చాడు. మొదట దొంగ వేషాలు, తర్వాత ప్రేమికుడి వేషాలు, నడివయసులో పోలీసులూ జడ్జీలూ. మూడు పెళ్ళిళ్ళు, అల్మరా నిండా బహుమతులు, ముసలితనంలో సెంటు సీసాల ప్రకటనలు. ఆయన ముక్కు కాస్త వంకర. ఆ వంకరనే జనం చేత అందం అనిపించాడని నాన్న మురిసిపోయేవాడు.

ఆయన సినిమాల్లో ఒకటి నాకు ప్రాణం. అందులో ఆయనది పడవ నడిపేవాడి వేషం. జబ్బుపడ్డ భార్యను పెరట్లో బల్ల మీద కూర్చోబెట్టి తలంటు పోస్తాడు. ఆ సీనులో ఒక్క మాట ఉండదు. నీళ్ళు పడుతుంటే ఆవిడ వణికిపోతుంది. ఆయన ఒక చేత్తో ఆవిడ మెడ పట్టుకుని, రెండో చేత్తో నెమ్మదిగా చెంబు వంచుతాడు. పెళ్ళంటూ చేసుకుంటే ఇలాంటి చేతులున్నవాణ్ణే చేసుకోవాలని పదహారేళ్ళ వయసులో నేను గట్టిగా అనుకున్నాను.

నాన్న నేర్పిన ఆ ఫ్రెంచే సింగపూర్‌లో నాకు పని ఇచ్చింది. మా ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు. నేను వన్-నార్త్‌లో ఒక సంస్థకు సబ్‌టైటిల్స్ రాస్తాను, అప్పుడప్పుడు సభల్లో దుబాసీగా నిలబడతాను. దుబాసీ పనిలో ఒక పద్ధతి ఉంది. పక్కనున్న మనిషి ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనే అనాలి. ‘ఆయన అంటున్నారు’ అనకూడదు. వినేవాళ్ళకి మనం కనబడకూడదు.

ఆ నటుడు సింగపూర్ వస్తున్నాడని నాకు చెప్పింది సభలు నడిపే ఒక అక్క. మలేసియాలో పుట్టిన తెలుగావిడ, ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడింది. అక్కడి అలవాటు ప్రకారం మాట మాటకీ ‘మా’ అనో ‘లా’ అనో తగిలిస్తుంది.

“ఆయనంటే నీకు పిచ్చి కదా మా. వేరేవాళ్ళని అడగలే. నువ్వే వచ్చేయ్ లా,” అంది ఫోన్లో.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. చీర ఇస్త్రీ చేయించుకున్నాను. నాన్న ఉండి ఉంటే ఎంత సంబరపడేవాడోనని కళ్ళు తుడుచుకున్నాను కూడా.

సభకు ముందు ఆయన్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. నేను వెళ్ళేసరికి చికెన్ రైస్ తింటున్నాడు. ఎముకలు చప్పరించి పళ్ళెంలో కాకుండా బల్ల మీదే పెడుతున్నాడు. వేళ్ళ జిడ్డు బల్ల మీది తెల్ల గుడ్డకి రాశాడు. మేకప్ వేయడానికి వచ్చిన అమ్మాయిని చిటికె వేసి పిలిచాడు. నా నమస్కారానికి తల కూడా ఎత్తలేదు. పెద్దవాడు, దూరం నుంచి వచ్చాడు, అలసిపోయి ఉంటాడు అని సర్దిచెప్పుకున్నాను.

హాలు నిండిపోయింది. మొదటి గంట బాగానే నడిచింది. ఆయన తన ఊరి చేపల వాసన గురించి చెప్పాడు, పారిస్‌లో ఆకలితో తిరిగిన రోజుల గురించి చెప్పాడు. నేను ‘నేను’, ‘నేను’ అంటూ ఆ జీవితాన్నంతా ఇంగ్లిష్‌లో చెబుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. అప్పుడు ముందు వరసలో ఒక విద్యార్థిని లేచి, ఆ తలంటు సీనుకి ఎలా సిద్ధమయ్యారని అడిగింది. అది నేను అడగాలనుకున్న ప్రశ్న.

ఆయన ముఖం వెలిగింది. కుర్చీలో ముందుకు జరిగాడు.

“అసలు సంగతి చెప్పనా? భార్యగా వేసిన ఆ పిల్లకి నటన రాదు. ఎన్నిసార్లు తీసినా చెక్కబొమ్మలా కూర్చునేది. వేడినీళ్ళ బకెట్ తీసేసి ఐసునీళ్ళు పెట్టమని కుర్రాళ్ళకి నేనే చెప్పాను. డైరెక్టరుకి తెలుసు, ఆమెకి తెలీదు. చలికాలం, ఆరుబయట. మొదటి చెంబుకే లేచి పారిపోబోయింది. కదలకుండా మెడ పట్టుకున్నాను. ఆ పట్టునే మీరంతా ప్రేమ అనుకున్నారు!”

ఆమె మెడ నేను పట్టుకున్నాను అని నా గొంతుతో చెప్పాను. ఐసునీళ్ళు పెట్టమన్నది నేనే అని చెప్పాను. ఆయన భుజాలు ముడుచుకుని, పళ్ళు టకటకలాడించి ఆ అమ్మాయి వణుకుని అనుకరించాడు. హాలు గొల్లున నవ్వింది. నా నోట్లో పాచినీళ్ళు పోసినట్టయింది.

అతను ఆపలేదు. అదే సీను మళ్ళీ మళ్ళీ తీశారట. ఆమెకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రిలో పడిందట. “ఆడవాళ్ళు భయపడితేనే బాగా నటిస్తారు,” అని నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. “ఇది కాస్త సరదాగా చెప్పు మదామ్, నవ్వాలి వాళ్ళు.”

నేను మైకు సరిచేసుకున్నాను. “ఆయన అంటున్నారు,” అని మొదలుపెట్టి, “ఆడవాళ్ళు భయపడితేనే బాగా నటిస్తారని ఆయన అంటున్నారు. దీన్ని సరదాగా చెప్పమని కూడా నన్ను అడుగుతున్నారు,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ప్రశ్న అడిగిన విద్యార్థిని ఇంకా నిలబడే ఉంది. అతనికి ఇంగ్లిష్ అంతంతమాత్రమే. నన్ను చూసి, “ఏం చెప్పావు?” అన్నాడు.

“మీరు చెప్పిందే.”

సభ ముగిశాక అదే గదిలో కూర్చుని, మిగిలిన చికెన్ తెప్పించుకున్నాడు. నా పని అక్కడితో అయిపోయింది. కానీ వెళ్ళలేకపోయాను.

“తర్వాత ఎప్పుడైనా ఆమెని కలిశారా?” అని అడిగాను.

“ఎవరిని?”

ఆమె పేరు చెప్పాను. అతను నములుతూ ఆలోచించాడు. “ఓ, ఆ దగ్గే పిల్లా!” అని నవ్వి, జిడ్డు చేత్తో నా చెంప తట్టాడు. “నీ గొంతు బావుంది, కానీ హాస్యం తెలీదు.”

బాత్రూంలోకి వెళ్ళి సబ్బుతో చెంప కడుక్కున్నాను. చర్మం మంట పుట్టినా వదల్లేదు. నోరు పుక్కిలించాను. ఆ మాటల్ని కూడా ఉమ్మేయగలిగితే బావుండుననిపించింది.

అక్క బయట ఆపింది. “ఎందుకు మా అట్లా చెప్పినావు? అందరూ ముఖాలు చూసుకున్నారు. అయ్యో, స్పాన్సర్లు కూడా ఉన్నారు లా!”

“ఆ మాట నాదని చెప్పడం నా వల్ల కాలేదక్కా.”

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన చెప్పులు విప్పుతూ, “ముసలోడే, పాతకాలం మనిషి. దానికింత బాధెందుకు? వదిలెయ్,” అన్నాడు. మంచి మనిషి, నా మనసు తేలికపడాలని అన్నాడు. అయినా ఆ ‘వదిలెయ్’ వినగానే మా ఆయన మీద కూడా రోత పుట్టింది, ఆ పూటకి. మా అమ్మాయి మాత్రం పుస్తకం మూసి, “అమ్మా, దెన్ వై ఎవ్రీబడీ లాఫ్? సో గ్రాస్ లా,” అంది. ఆ నటి ఏమైందో తనే ఇంటర్నెట్‌లో వెదికింది. ఆ సినిమా తర్వాత ఆమె మరే సినిమాలోనూ లేదు.

కొన్నాళ్ళకి అక్క వాళ్ళు సభ వీడియోని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ ప్రశ్నా, ఐసునీళ్ళ కథా అందులో లేవు. మిగిలిందంతా చేపల వాసన, పారిస్ ఆకలి, చప్పట్లు. వాటి మీద నా గొంతు శుభ్రంగా, ఆప్యాయంగా ‘నేను’, ‘నేను’ అంటోంది. నా గొంతు తీసేయమని అక్కను బతిమాలాను.

అక్క నన్ను పాయా లెబార్‌లో ఒక హోటల్‌కి భోజనానికి పిలిచింది. “మొదట నేను కూడా నవ్వినాను మా,” అంది అన్నం కెలుకుతూ. “తర్వాత ఆ భాగం మళ్ళీ చూళ్ళేకపోయినాను. కానీ అది పెడితే రేపు నాకు హాలు ఎవరిస్తారు? నీ గొంతు తీస్తే ఎవరికీ అర్థం కాదు కదా.”

ఇద్దరం సగం కూడా తినలేకపోయాం.

వీడియో కింద జనం రాస్తున్నారు: ఎంత పెద్దమనిషి, ఎంత వెచ్చని మనసు అని. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ రాశాను. ఆ రోజు సభలో నేను దుబాసీనని చెప్పి, అతను ఐసునీళ్ళ గురించి అన్నదంతా ఉన్నదున్నట్టు పెట్టాను. సాయంత్రానికి అది మాయమైంది. మర్నాడు మళ్ళీ రాశాను.

అక్క ఫోన్ చేసింది. “నువ్వేనా మా రాసింది?”

“నేనే అక్కా.”

వెనకాల ఆమె ఆఫీసులో ఎవరో ఏదో అడుగుతున్నారు. “సరే, ఉండనీ,” అని పెట్టేసింది.

తర్వాత ఆమె నన్ను సభలకు పిలవలేదు. నేనూ అడగలేదు. నేను రాసింది మాత్రం ఇంకా అక్కడే ఉంది.