రెండు భాషల కోడలు

నెల్లిమర్లలో మేం కొందరు ఆడవాళ్లం నెలకో ఆదివారం మధ్యాహ్నం కూడి, చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి డాబా మీద గదిలో కూర్చుంటాం. మా అత్త కూడా వస్తుంది. ఆమెకి చదవడం రాదు గాని, వినడం మహా ఇష్టం.

ఆ నెల చదివింది అమెరికాలో పుట్టిన ఒకావిడ ఆత్మకథ, తెలుగు అనువాదం. తండ్రి నల్లజాతి మనిషి, తల్లి తెల్లావిడ. ఎక్కడికెళ్లినా "నువ్వు ఎవరి మనిషివి?" అని అడిగేవారట. చర్చ నడిపే పని నాకిచ్చారు.

మొదలెట్టగానే ఒకామె, "రంగుల గొడవ వాళ్లది. మనకేటి?" అంది.

"మీకు లేదేమో, నాకుంది," అన్నాను.

మాది ఒడిశా సరిహద్దులోని పాతపట్నం. అమ్మ ఒడియా, నాన్న తెలుగు. అమ్మమ్మ ఊళ్లో నేను తెలుగు పిల్లని. ఇక్కడికి కాపురానికొచ్చాక ఒడియా కోడల్ని. కూరలో పంచదార కాస్త ఎక్కువైనా "వాళ్లలో అంతే" అనేవారు. ఇదంతా తడబడకుండా చెప్పాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్లజోడు తీశారు. "అలా కలపకమ్మా. పుస్తకంలో ఆవిడ అన్నని ఏ తప్పూ లేకుండా పోలీసులు పట్టుకుపోయారు. నిన్ను ఆటపట్టించారు. రెండూ ఒకటేనా?"

"ఒకటి కాదు మేడమ్. ఆ భయం నాకు తెలీదు, తెలుసని అనను. కానీ నువ్వు ఇటా, అటా అనడిగితే ఏటి సెప్పాలో ఆవిడే నేర్పింది. రెండూ నావే. దానికి ఎవర్నీ అడగక్కర్లేదు."

ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "అదైతే ఒప్పుకుంటాను," అన్నారు.

అప్పుడు అత్త అందుకుంది. "ఒసే, ఒడియా కోడలని నాను ముద్దుకే అన్నానే!"

"ముద్దుకే అన్నారత్తా. అయినా సగమే అన్నారు."

"మరేటని పిలవాలే?"

"కోడలంటే సాలు."

అందరూ నవ్వారు, అత్త తప్ప. ఇప్పటికీ ఆ పాత మాట ఆమె నోట జారుతుంటుంది. నేను పలకను. మళ్లీ పిలుస్తుంది, సరిగ్గా.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే అడిగింది: "ఆ పోలీసులు అట్టుకెళ్లినోడు తిరిగొచ్చేడేటే?"

"వచ్చాడు. కానీ ఇంట్లో ఎవరితోనూ మాటాడ్డం మానేసాడట."

అత్త దారిలోనే ఆగిపోయింది. "ఆడి తల్లి ఏటయిపోనాదో... మొదట్నించీ సదివి సెప్పు," అంది.

ఇంటికెళ్లి అన్నం పొయ్యి మీద పెట్టి, వంటగది గడపలో కూర్చుని మొదటి పేజీ తీశాను.