ఆమె నంబరు మీద మూడు వందల మంది

బుధవారం పొద్దున, పిల్లలకు టీకాలు వేసే రోజున, మా సిస్టర్ సబ్‌సెంటర్‌లోనే కుప్పకూలింది. చివరి బిడ్డకు సూది వేసి, ఆ బిడ్డ తల్లికి జ్వరం మాత్ర ఇచ్చి, "కాసేపు కూర్చుంటా" అన్నదట. బెంచీ మీద కూర్చున్న మనిషి పక్కకు ఒరిగింది. అంబులెన్సు సూర్యాపేట చేరకముందే అంతా అయిపోయింది. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు.

నాకు ఫోన్ చేసింది ఆ ఊరి ఆశా వర్కర్.

"సార్, మన సిస్టరమ్మ సచ్చిపోయింది సార్."

"నోటికి ఏదొస్తే అది మాట్లాడకు" అని కసిరాను. నాలుగు రోజుల కిందనే నా ఇంటికి వచ్చి, నా చేతికి పట్టీ చుట్టి, నా బీపీ చూసి పోయిన మనిషి ఆమె.

"నేనెందుకు మాట్లాడుత సార్ గట్ల" అని ఆమె బోరుమన్నది.

పుస్తకాలు చాలానే చదివినవాణ్ణి. చావు గురించి పెద్దలు రాసినవే నా దగ్గర ఒక అర నిండా ఉన్నాయి. ఆ పూట ఒక్కటీ అక్కరకు రాలేదు. అర ముందు నిలబడి, పుస్తకాల అట్టలు చూసి, వచ్చి కూర్చున్నాను.

నేను ఆరోగ్య శాఖలో సూపర్‌వైజర్‌గా పనిచేసి దిగిపోయినవాణ్ణి. సిస్టర్ అంటే మా భాషలో ఊరి నర్సు. ఉమ్మడి జిల్లా రోజుల్లో మిర్యాలగూడ అవతల, త్రిపురారం దగ్గర ఒక ఊళ్ళో ఆమె కొత్తగా చేరినప్పుడు నేను ఆమెకు పైవాణ్ణి. ఆమె సొంతూరు కోదాడ కాబట్టి మాట కొంచెం ఆంధ్ర వైపు ఒరిగేది. "ఏందమ్మా, రేడియోల మాట్లాడినట్టు మాట్లాడుతవ్" అని ముసలమ్మలు ఎక్కిరించేవాళ్ళు. ఆమె నవ్వి, "రేడియో చెబితే వింటారుగా, నేను చెప్పినా వినండి మరి" అనేది.

ఆమెకు ఒక పొడుగాటి రిజిస్టర్ ఉండేది. అట్ట ఊడిపోతే సెలైన్ గొట్టంతో కట్టుకున్నది. అందులో ఇంటి నంబర్లు ఉండవు. "చింతచెట్టు ఎదురిల్లు, రెండో కోడలు, ఆరో నెల" అని ఉంటుంది. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు. నేనూ చిట్లించాను. కాలువ కట్టలు తెగిన ఒక వానాకాలం, ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో ఆ పుస్తకం చూసుకునే ట్రాక్టర్లు పంపాము. ఆ సంగతి రిపోర్టులో నా గొప్పగా రాసుకున్నాను. ఆమె పేరు రాయలేదు. ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత ఆమె మునగాల వైపు బదిలీ అయింది, నేనూ అటే వచ్చాను. నా ఉద్యోగం చివరి ఏడాదిలో కొత్త నిధులు దిగాయి. ఆరోగ్య సమాచారాన్ని ఆధునికం చేస్తారట. కాగితం పోయి అంతా యాప్‌లోకి ఎక్కుతుందట. శిక్షణ ఇచ్చే పిల్లగాళ్ళు నగరం నుంచి ఏసీ కారులో వచ్చి తెర మీద బొమ్మలు చూపించారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళ పేర్లు ఎక్కిస్తే చాలు, ప్రతి నెలా "పరీక్షకు రండి" అని వాళ్ళ ఫోన్‌కే మెసేజ్ పోతుందని చెప్పారు.

సిస్టర్ లేచి అడిగింది. "ఫోన్ లేనివాళ్ళకి ఎట్లా పోద్దండీ?"

"ఈ రోజుల్లో ఫోన్ లేనోళ్ళు ఎవరు మేడమ్?" అన్నాడు ఒకడు. హాలంతా నవ్వింది. ముందు వరుసలో ఉన్న పై ఆఫీసరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన ఈ పత్రిక చదువుతాడని నాకు తెలుసు. చదవనీ.

ఆ నిధులతో ఆఫీసులో గోడంత తెర వచ్చింది, దానికి ఏసీ గది వచ్చింది. సిస్టర్లకు ట్యాబులు వచ్చాయి. బీపీ మిషన్‌లోకి బ్యాటరీలు మాత్రం రాలేదు. మునగాల కిరాణా కొట్లో ఆమే కొనుక్కునేది. పాత రిజిస్టర్లన్నీ అప్పజెప్పమన్నారు. అవి పాత కాగితాల బండికి పోయాయి. ఆమె వెంట తెచ్చుకున్న, సెలైన్ గొట్టం కట్టిన పుస్తకం కూడా పోయింది. ఇవ్వమని గట్టిగా అడిగింది నేనే.

సర్వే మొదలైంది. ఒక మనిషిని ఎక్కించాలంటే ఫోన్ నంబరు కొట్టాలి. ఆ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. అది చెబితేనే యాప్ ముందుకు కదులుతుంది. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళకు ఫోన్ లేదు. ఉన్నవాళ్ళు ఓటీపీ చెప్పరు.

"ఓటీపీ ఎవ్వలకు చెప్పొద్దని టీవీల రోజూ మొత్తుకుంటుండ్రు. నువ్వేమో చెప్పమంటవ్. నా పింఛను గుంజుకపోతవా ఏంది సిస్టరమ్మా?" అన్నది లచ్చమ్మ అనే ముసలామె.

"నీ పింఛన్‌తో నేను కోదాడలో మేడ కడతానే లచ్చమ్మా" అని సిస్టర్ నవ్వింది. లచ్చమ్మ మాత్రం చెప్పలేదు.

నెలాఖరుకు నూటికి నూరు మంది ఎక్కకపోతే తర్వాతి విడత నిధులు రావని పైనుంచి రోజుకు రెండు ఫోన్లు. ఒక సాయంత్రం సబ్‌సెంటర్ వరండాలో ఆమె ట్యాబు ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుంది. నేను అన్న మాట ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "నీ నంబరు కొట్టెయ్యమ్మా. ముందు పని గానియ్. తర్వాత చూసుకుందాం."

"అందరికీనా సార్?"

"అందరికీ."

ఆ యాప్ ఒక నంబరు మీద ఎంతమందినైనా ఒప్పుకుంటుంది. ఆ వారంలో మూడు వందల మందికి పైగా ఆమె నంబరు మీద ఎక్కారు. మా మండలం నూటికి నూరు చూపించింది. నాకు శాలువా కప్పారు, నేను రిటైరయ్యాను. తర్వాత చూసుకుంటామన్నది ఎవరూ చూడలేదు.

ఆమె చూసుకుంది. నెల నెలా మూడు వందల మెసేజ్‌లు ఆమె ఫోన్‌కే వచ్చేవి. ఒక్కొక్క పేరు నోట్‌బుక్‌లో రాసుకుని, ఎండలో గొడుగేసుకుని, ఇంటింటికీ పోయేది. "లచ్చమ్మా, సర్కారు నీకు కబురు పెట్టింది. రేపు వచ్చి బీపీ చూపించుకోమంది."

"సర్కారుకు నా మీద అంత పావురమా సిస్టరమ్మా?"

"ప్రేమ నీ మీద కాదే, నీ బీపీ మీద."

బీపీ చూపించుకున్నవాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టేది. మాత్రలు అయిపోయినవాళ్ళకు సంచిలోంచి తీసి ఇచ్చేది. అట్లా ఆ ఊరి ముసలివాళ్ళు అందరికంటే క్రమంగా పరీక్షకు వచ్చారు. ఆ లెక్క గోడంత తెర మీద పచ్చగా వెలిగింది. మెసేజ్‌ల వల్లనే జనంలో మార్పు వచ్చిందని పై ఆఫీసరు సభలో చెప్పి బహుమతి తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండి ఆమెకు ఫోన్ చేశాను. ఆమె తాపీగా అన్నది: "పోనీండి సార్. మిషన్‌కి నంబరు తెలుసు, ఇల్లు తెలవదు. ఇల్లు నాకు తెలుసుగా."

నెలకోసారి మీటింగుకు సూర్యాపేట వస్తే మా ఇంటికి రాకుండా పోయేది కాదు. "చెయ్యి ఇవ్వండి సార్" అనేది, మంచినీళ్ళు కూడా ముట్టకముందే. "పచ్చడి తిన్నారా?"

"రెండు మెతుకుల్లో."

"మెతుకులే రెండు, పచ్చడి గిన్నెడు. ఈ మిషన్ అబద్ధం చెప్పదు సార్."

ఆమె పోయే ముందు శనివారం కూడా ఇదే. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ గోడ పట్టుకుని ఒక క్షణం ఆగింది. "ఏందమ్మా?" అన్నాను. "ఎండ సార్" అన్నది. సరే అని తలుపు వేసుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆమె దగ్గర రిపోర్టు అడిగినవాణ్ణి, నీ బీపీ ఎంతమ్మా అని ఒక్కసారి అడగలేదు.

మూడో రోజు కోదాడ పోయాను. ఆమె భర్త ఆటో నడిపి మానేసిన మనిషి. నన్ను చూడగానే ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇది ఆగట్లేదండీ. ఎవరెవరి పేర్లో వస్తన్నాయి. ఏం చెయ్యమంటారు?" ఫోన్‌తో పాటు నోట్‌బుక్ కూడా ఇచ్చాడు.

కళ్ళద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పాను. లచ్చమ్మ, టిక్కు. సోమయ్య, టిక్కు. కొన్ని పేర్ల తర్వాత ఆమె పేరు. యాప్‌లో తనను కూడా ఎక్కించుకున్నదన్నమాట. పక్కన టిక్కు లేదు. "వచ్చే నెల" అని రాసి ఉంది. ముందు నెల తిప్పాను. ఆమె పేరు, "వచ్చే నెల". అంతకు ముందు కూడా అదే. సర్కారు కబురు నెల నెలా ఆమెకూ వచ్చింది. ఆమె చదివింది, రాసుకున్నది, మూడు వందల ఇళ్ళు తిరిగేసరికి నెల అయిపోయింది. ప్రతి పేజీ చివరన యాప్‌లో లేని ఒక పేరు కూడా ఉంది. నాది. పక్కన టిక్కు ఉంది.

నోట్‌బుక్ మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆ ఫోన్ మూతపడితే ఆ మూడు వందల మందికి కబురు తెగిపోతుంది. పై ఆఫీసుకు పోయాను. శాలువా కప్పిన చేతులే ఇప్పుడు కుర్చీ చూపించలేదు. "నంబరు మార్చాలంటే పాత నంబరుకే ఓటీపీ వస్తది పెద్దాయనా. ఆ సిమ్ము ఉన్నప్పుడే చేసుకోండి" అన్నాడు కంప్యూటర్ ముందున్నతను. అంతవరకు నయం, నిజం చెప్పాడు.

ఆమె ఫోన్ పట్టుకుని వారం రోజులు సబ్‌సెంటర్‌కు పోయి వచ్చాను. డ్యూటీకి పంపిన కొత్త సిస్టర్ ట్యాబులో ఒక్కో పేరు తెరుస్తుంది. నా చేతిలో ఫోన్ మోగుతుంది. నేను ఆరు అంకెలు చదువుతాను.

"ఫోన్ లేనోళ్ళకు ఎవరి నంబర్ కొట్టాలె సార్? నా నంబర్ కొట్టనా?" అన్నది ఆ పిల్ల మొదటి రోజే.

"వద్దు" అని అరిచినంత పని చేశాను. "నాది కొట్టు. నాకేం పని ఉంది? నేను ఆశాకు ఫోన్ చేసి చెబుతా."

లచ్చమ్మ బెంచీ మీద కూర్చుని వింటున్నది. "గిప్పుడు మా సిస్టరమ్మ ఓటీపీ ఊరందరికీ చెప్తున్నవా సారూ" అని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది.

నిన్న చివరి పేరు మిగిలింది. కొత్త సిస్టర్ ఆ పేరు తెరిచి, నా వైపు చూడకుండా "మరణించారు" అన్న గడి నొక్కింది. దానికి కూడా అవతలి మనిషి ఒప్పుకోలు కావాలట. నా అరచేతిలో ఫోన్ మోగింది. తెర మీద ఆమె పేరు, కింద ఆరు అంకెలు.

"చెప్పండి సార్" అన్నది ఆ పిల్ల.

చూస్తుండగానే గడువు దాటిపోయింది.

"మళ్ళీ పంపమంటారా సార్?"

పంపమన్నాను. ఫోన్ మళ్ళీ మోగింది. బెంచీ మీద ముసలివాళ్ళంతా, ఆమె అలవాటు చేసినట్టే, బీపీ పట్టీ కోసం ఎడమ చేయి ముందుకు చాపి కూర్చుని ఉన్నారు.