అట్టముక్కతో తీరని ఇబ్బంది

కనబడిన ప్రతి మనిషినీ "నీకేమన్నా ఇబ్బంది ఉండాదాప్పా?" అని అడగడం మా భానుప్రకాశ్‌కు జబ్బు. బెంగుళూరులో ఉద్యోగం మానేసి, ఒక్కడే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడతానని పుంగనూరు వచ్చి, నా జిరాక్సు షాపు వెనక గదిలో కూర్చున్నాడు. జనానికున్న ఇబ్బంది ఏదో కనిపెట్టి, దానికో యాప్ చేసి అమ్ముతాడట. నెల తిరిగేసరికి టీకొట్టు దగ్గర వాణ్ని చూసి జనం తప్పుకోవడం మొదలుపెట్టారు. వాడి పోరు పడలేక టీకొట్టు ఎల్లప్ప ఒకరోజు, "నువ్వేప్పా నా ఇబ్బంది" అన్నాడు. వాడు దాన్ని కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఇబ్బందులు దొరకక కాదు. మదనపల్లెలో పళ్ల డాక్టరు జయచంద్ర దగ్గర రోగులు ఎవరు ముందని కొట్లాడుకుంటున్నారు. డాక్టరు యాప్ కొంటానన్నాడు. మనవాడు నా దగ్గర కత్తెర తీసుకుని, అట్టముక్కలు కత్తిరించి, వాటిమీద నంబర్లు వేసి ఇచ్చి వచ్చాడు.

"మరి యాప్ యాడ?" అన్నాను.

"అట్టముక్కతో తీరిపాయ కదా. ఇంక యాప్ యాల?"

తర్వాత టైలరు సుమతి. జాకెట్లు తారుమారవుతున్నాయంటే, ఒక్కోదానికి పేరు చీటీ పిన్నుతో గుచ్చి వచ్చాడు. ఆ వ్యాపారమూ అంతే. ఇట్లా తొమ్మిది కంపెనీలను పుట్టకముందే చంపాడు. ఈలోగా పాత ఆఫీసువాళ్లు, నెలాఖరులోగా రాకపోతే నీ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. వాడి తీరుకు నాకు ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే బైరెడ్డిపల్లె దగ్గర పట్టుపురుగులు మేపే రామాంజినమ్మ తగిలింది. పక్క చేలో టమోటాకు కొట్టిన మందు గాలికి వచ్చి ఆమె మల్బరీ తోటమీద పడింది. తెలియక ఆ ఆకే మేతగా వేసింది. పురుగులన్నీ చచ్చిపోయాయి. దీనికి అట్టముక్క పనికిరాదు.

వాడు ఆ చుట్టుపక్కల టమోటా రైతులందరి దగ్గరికీ తిరిగి, మందు కొట్టే ముందురోజే తనకు చెప్పేట్టు ఒప్పించాడు. ఆ కబురు పట్టుకుని, పురుగులు మేపే అరవై ఇళ్లకూ పొద్దున్నే తనే ఫోన్లు చేసేవాడు. "రేపు మీ పక్క సేన్లో మందు కొడతాండారు. ఆకు ఈ పొద్దే కోసి పెట్టుకోమ్మా."

"దీనికి దుడ్లు ఎవురిస్తార్రా?" అన్నాను.

"పురుగులు సచ్చి ఏడ్సేవాళ్లను దుడ్లెట్ల అడిగేది?" అన్నాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. తొమ్మిది చోట్లా వాడికి అడ్డం వచ్చింది, ఇబ్బందిలో ఉన్నవాళ్లను డబ్బులు అడగలేని ఈ మొహమాటమే.

ఆఫీసువాళ్ల గడువు దగ్గరపడేసరికి, ఇక ఫోన్లు రావని అరవై ఇళ్లకూ చెప్పి, బ్యాగు సర్దుకున్నాడు. మర్నాడు రామాంజినమ్మ అయిదుగురు ఆడవాళ్లతో బస్సు దిగి నా షాపుకు వచ్చింది.

"పోతాండావంట కదప్పా?"

"ఉజ్జోగానికమ్మా."

"మరి మాకు ఎవురు సెప్తారు? నెలకింతని అందరమూ ఇస్తాము, తీసుకో. ఊరికే సేయించుకునేదానికి మాకూ సిగ్గుండాది."

వాడు వద్దనబోయాడు. "తీసుకుంటాడులేమ్మా" అని నేనే చెప్పేశాను.

ఇప్పుడు టమోటా రైతు ఫోనులో ఒక నంబరు నొక్కితే చాలు, చుట్టుపక్కల పురుగులు మేపే ఇళ్లన్నిటికీ భానుప్రకాశ్ గొంతుతో మిషనే ఫోను చేస్తుంది. ఈ ఏర్పాటు కుప్పం దాకా పాకింది. ఆ కంపెనీ నా షాపు వెనకే ఉందని జిరాక్సుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతాను. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

ఒక్కటే చిక్కు. రామాంజినమ్మ ఆ రికార్డు గొంతును "తింటివా నాయనా?" అని అడుగుతుంది, బదులు రాకపోతే మనసు కష్టపెట్టుకుంటుంది. అందుకని మిషను ఫోను పెట్టేయగానే, తిన్నానని చెప్పడానికి వాడు ఆమెకు మళ్లీ ఫోను చేస్తాడు.