అట్ట మీద సరోజక్క తల

మొన్న మా చీరలంగడి కేటలాగు ప్రూఫు వచ్చింది. ఆ పచ్చి ఇంకు వాసనకు నాకు తొమ్మిదేళ్లప్పటి పగ లేచి కూర్చుంది.

అప్పుడు ఎమ్మిగనూరులో మా పెదనాయన తన మగ్గాల చీరలకు కేటలాగు వేయిస్తున్నాడు. అట్ట మీద బొమ్మ నాదేనని నేను పౌడరు డబ్బా మొత్తం ముఖాన కుమ్మరించుకుని నిలబడ్డాను.

"నువ్వు చీర కడితే, చీరే నిన్ను కట్టుకున్నట్టుంటాది. పోవే!" అని పెదనాయన తన కూతురు సరోజక్కను నిలబెట్టాడు. అది చాలదన్నట్టు, అక్క నా రాగి ఉంగరం కూడా ఇప్పించుకుని చిటికెన వేలికి పెట్టుకుంది. పగ పెరగదా మరి?

అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి ప్రూఫు ఇంటికొచ్చింది. పెదనాయన దిద్దిన ఎర్రపెన్నుతోనే, కాగితం చిరిగేంత కసిగా అక్క ముఖం కొట్టేశాను. పాడయ్యేది ఆ ఒక్క కాగితమే అనుకున్నాను.

బండెడు కేటలాగులు దిగాయి. అట్ట మీద చీర ఉంది, చేతులున్నాయి, తల లేదు.

"నా కూతురి తల యాడప్పా?" పెదనాయన అరుపు ఆదోని దాకా వినపడింది.

"ఎర్రగా కొట్టేసి పంపినారు గదప్పా, తీసేసినా!" అన్నాడు ప్రెస్సాయన.

ఆ పూట నేను మూడు ముద్దల సంగటి తిన్నాను.

పోయిన నెల సరోజక్క ఆ కేటలాగును మనవరాలికి చూపిస్తూ, "ఈ ఉంగరం మీ చిన్నవ్వది. పాపం, దానిదీ ఏదో ఒకటి అట్ట మీద ఉండాలని అడిగి పెట్టుకున్నా," అంది.

అక్క మీది పగ అక్కడే ఆరిపోయింది. పెదనాయన మీదిది మాత్రం అట్లే ఉండాది.